రాయి కింద చివరి ఫారం

ఆదిమూలానికి డిటెక్టివ్ నవలల పిచ్చి. ఊరికే అనడం లేదు, ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు. అయితే అందరూ చదివినట్టు చదవడు. ఆయన ఎలా చదువుతాడో తెలియాలంటే ముందు ఆయన చేతిపని తెలియాలి.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణాలు దాటి ఎడమచేతి సందులోకి తిరిగితే ఆయన బైండింగు కొట్టు వస్తుంది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. పాత ఇంటి వసారాకి రేకు తలుపు బిగించి, ఒక బల్ల, ఒక ముక్కాలిపీట వేసుకున్న చోటు. వెనక గదిలో కాపురం. కాపురమని అలవాటుగా అనేశాను గానీ, పెళ్ళి చేసుకోలేదు మహానుభావుడు. అరవై మూడేళ్ళొచ్చాయి. ఆ బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది.

చిరిగిన పుస్తకం చేతికి రాగానే పాత అట్ట పీకి, దారం తెంపి, ఫారాలు విడదీస్తాడు. ఫారమంటే పదహారు పేజీల మడత. పాతకాలం పుస్తకం ఏదైనా అలాంటి మడతలు పేర్చి కుట్టిందే. చిరుగులకి పల్చటి కాగితం అంటించి, దబ్బనంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పూసి, అట్ట వేసి, బరువు కింద పెడతాడు. ఇదంతా ఏ బైండరైనా చేసేదే. డిటెక్టివ్ నవల వచ్చినప్పుడు మాత్రం ఆదిమూలం ఇంకో పని చేస్తాడు. విప్పగానే చివరి ఫారాన్ని వేరు చేసి, కంట పడకుండా రాయి కింద పెట్టేస్తాడు. ఆ రాయి వాళ్ళమ్మ ఇడ్లీపిండి రుబ్బిన పొత్రం. అంబత్తూరులో చెల్లెలి ఇంట్లోకి గ్రైండరు వచ్చిన రోజు, పారేస్తారేమోనని సంచీలో వేసుకొని మోసుకొచ్చాడు.

మిగిలిన ఫారాలు చదువుతూ కుడతాడు, కుడుతూ చదువుతాడు. అవి అయిపోగానే ఒక చీటీ మీద దోషి పేరు రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేస్తాడు. అప్పుడు గానీ రాయి ఎత్తడు. పేరు సరిపోతే ఆ పూటంతా మనిషి పట్టపగ్గాల్లేకుండా నవ్వుతుంటాడు. సరిపోకపోతే రచయితకి మూడింది. ఆ తిట్లు సందు చివర టీకొట్టుదాకా వినిపిస్తాయి.

డిటెక్టివ్ నవల మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు ఆ నవలలు రాసినవాళ్ళకి కూడా ఉండి ఉండవు. చివర్లో కవల తమ్ముణ్ణి పట్టుకొచ్చేవాణ్ణి జైల్లో వెయ్యాలంటాడు. దోషి ఉత్తరం రాసి పెట్టి చచ్చిపోతే అది రచయిత బద్ధకమంటాడు. పాఠకుడికి ఒక్కసారి కూడా చూపించని తాళంచెవి ఆఖరి పేజీలో బయటికి తీస్తే, ఇక ఆ పుస్తకానికి మంచి అట్ట వెయ్యడానికి కూడా ఆయనకి చేతులు రావు. పెద్దపెద్ద సాహిత్యం జోలికి మటుకు వెళ్ళడు.

"ఆడ ఎవురూ ఎవుర్నీ చంపరు. అయినా అందురూ ఏడస్తానే ఉంటారు. ఎందుకేడస్తా ఉండారో ఆఖరు పేజీలో గూడా చెప్పరు. అదేం సాహిత్యమబ్బా!" అంటాడు.

ఆయన నమ్మకమంతా వస్తువుల మీద. మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ తాళం, గ్లాసు, చెప్పులు, దీపం అబద్ధమాడవంటాడు. అందుకే నవలలో వస్తువు కనబడితే రెండుసార్లు చదువుతాడు. మనుషులు మాట్లాడుకుంటుంటే గబగబా దాటేస్తాడు. అందులోనూ ముసలివాళ్ళ మాటలైతే పేజీ నింపడానికి రాశారని ఆయన లెక్క. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

ఆయనకి తోడబుట్టినది ఒక్కతే, చెల్లెలు అలమేలు. అంబత్తూరులో ఉంటుంది. మొగుడు కోదండరాం అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేటులో లేతు మిషను మీద పనిచేసేవాడు. తల్లి చివరి పన్నెండేళ్ళూ కూతురి దగ్గరే గడిపింది. పెళ్ళాం లేని కొడుకు కొట్లో ముసలావిడ ఎక్కడుంటుంది? ఆదిమూలం ఆదివారం ఆదివారం అంబత్తూరు వెళ్ళేవాడు. పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం తల్లి పక్కన కూర్చుని అన్నం తిని, పొద్దువాలే ముందు తిరిగొచ్చేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం మాత్రం ఆలస్యంగా వెళ్ళాడు. వెళ్ళేసరికి సాయంత్రం అయిదయింది. తల్లి పోయి గంట అయింది.

అక్కడ కూడా మనిషి వస్తువులే చూశాడు. ఏం చెప్పమంటారు! గూట్లో తల్లి గుండె మాత్రల అట్ట ఉంది. మర్చిపోకుండా దాని వెనక రేకు మీద అలమేలు తమిళంలో వారాల పేర్లు రాసి పెట్టుకునేది. శనివారం దాకా అన్నీ చిల్లులు పడి ఉన్నాయి. ఆదివారం మాత్ర అలాగే ఉంది. అలమేలు కళ్ళలో తడి లేదు.

"మాత్ర ఎయ్యలేదా?" అని అడిగాడు.

"లేదన్నా" అంది అలమేలు.

అంతే. ఎందుకు వెయ్యలేదని అడగలేదు. ఆ అట్టని జేబులో వేసుకున్నాడు. ఒక్క పూట మాత్ర తప్పితే ప్రాణం పోదని, ఆవిడ గుండె ఎప్పుడో అయిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. పెద్దకర్మ రోజు అయినవాళ్ళందరి ముందూ ఆ అట్ట బయటికి తీసి, "అమ్మని నువ్వే పొట్టన పెట్టుకున్నావు" అన్నాడు. అలమేలు బదులు చెప్పలేదు. తలొంచుకుని ఆకులు ఎత్తడానికి వెళ్ళిపోయింది. బదులు చెప్పలేదంటే ఒప్పుకున్నట్టేనని తేల్చేశాడు ఆదిమూలం. ఆ రోజు నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. కోదండరాం పోయినప్పుడు తిన్నగా శ్మశానానికి వెళ్ళి, అక్కణ్ణించి అటే వచ్చేశాడు. మాత్రల అట్ట చీటీల డబ్బా అడుగున ఉంది. కోపం తగ్గుతోందని అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చూసుకునేవాడు.

ఇక ఈ మధ్య జరిగిన సంగతి. అద్దె పుస్తకాల షాపు జయరామన్ ఒక పాత నవల పట్టుకొచ్చాడు. అట్ట లేదు, మొదటి రెండాకులు లేవు, నవల పేరు, రచయిత పేరు వాటితోపాటే పోయాయి. కొట్లోంచి వెళ్ళబోతూ జయరామన్ ఆగి అసలు సంగతి చెప్పాడు.

"ఆదిమూలం అన్నా, మీ చెల్లెలు నా షాపుకి ఫోన్ చేసింది. ఆయమ్మ ఇల్లు ఖాళీ చేసి కూతురు ఆశ దగ్గరికి హోసూరు పోతా ఉందంట. వచ్చే సోమవారమే. నువ్వు ఒక్కసారి వచ్చిపొమ్మని చెప్పమనింది. నీ ఫోనుకి చేస్తే నువ్వు ఎత్తవంట గదా."

"ఎత్తను" అన్నాడు ఆదిమూలం.

"ఈడున్నప్పుడు పోనోడివి హోసూరు పోతావా? ఉండేది ఒక్క చెల్లెలు. ఆమెకీ అరవై వస్తా ఉండాయి."

"దోషి తేలిపోయిన కేసు అది. మళ్ళా తెరిచేది లేదు. నువ్వు పో సామీ, నాకు పనుంది."

జయరామన్ తల కొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆదిమూలం నవల విప్పాడు. ఫారాలు లెక్కపెడితే చివరిది లేదు. రాయి కింద పెట్టడానికే ఏమీ లేదు. అద్దె పుస్తకాలకి ఇది మామూలు రోగమే, మొదటి పేజీలూ ఆఖరి పేజీలే ముందు రాలిపోతాయి. అయినా పట్టుకున్న నవల వదల్లేక చదివాడు.

ఒక ముసలాయన మంచంలో ఉంటాడు. పెళ్ళికాని కూతురు సుశీల సేవ చేస్తుంటుంది. ఒకరోజు ఆయన చచ్చిపోతాడు. మంచం పక్కన మందు గ్లాసు నిండుగా ఉంటుంది. గది తాళం సుశీల కొంగుకి ఉంటుంది. ఇంట్లో ఇంకా ఇద్దరు కొడుకులు, ఒక వకీలు, ఒక నౌకరు ఉంటారు. ఎవరికి వాళ్ళు అనుమానంగానే కనబడతారు. ఆదిమూలానికి మాత్రం గ్లాసు పేజీ రాగానే సంగతి తెలిసిపోయింది. చీటీ మీద సుశీల అని రాసి డబ్బాలో పడేశాడు. ఎప్పుడూ పేరొక్కటే రాసేవాడు, ఈసారి దాని కింద గీత కూడా గీశాడు.

చీటీతో ఆగితే ఈ కథే ఉండేది కాదు. ఆఖరు లేని నవలకి అట్ట వేసి ఇవ్వడం ఆయనకి మనస్కరించలేదు. దోషి ఎవరో తనకి తెలుసు కదా, తనే రాస్తే పోలేదా అనిపించింది. కూర్చున్నాడు. మామూలుగా రెండు ముక్కల ఉత్తరం రాయాలంటే బద్ధకించే మనిషి, ఆ రోజు కాఫీకి కూడా లేవకుండా ఆరు పేజీలు రాసి పారేశాడు. అందులో డిటెక్టివు సుశీలని హాల్లో అందరి మధ్యా నిలబెడతాడు. నిండు గ్లాసు ఎత్తి చూపిస్తాడు. ఆమె బదులు చెప్పదు. "నీ తండ్రిని చంపింది నువ్వే. నీ మౌనమే సాక్ష్యం" అంటాడు డిటెక్టివు. పోలీసులు ఆమెని తీసుకుపోతారు. వెనక్కి తిరిగి చూసేవాడు ఒక్కడు కూడా ఉండడు.

సౌకార్‌పేటలో తెలుగు పెళ్ళిపత్రికలు అచ్చువేసే చోట ఆ ఆరు పేజీలూ టైపు చేయించాడు. మూడాకులయ్యాయి. కాగితం కొత్తగా తెల్లగా ఉంటే పట్టేస్తారని టీ డికాషన్‌లో తడిపి తీగ మీద ఆరేశాడు. పాత ఆకుల్లో కలిసిపోయాయి. కుట్టి, అట్ట వేసి, పొత్రం కింద పెట్టి, మర్నాడు జయరామన్‌కి ఇచ్చేశాడు. నలభై ఏళ్ళలో అంత బాగా కుదిరిన పని లేదని మురిసిపోయాడు కూడా.

ఆ నవల మొదట అద్దెకి తీసుకున్నది రాగిణి టీచరు. కార్పొరేషను బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై నాలుగేళ్ళు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు కావలసినన్ని ఉన్నాయి గానీ, తెలుగు చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కకి వస్తారు. వాళ్ళలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆదిమూలానికి కూడా చదువు రుచి ఆవిడ వల్లనే తగిలింది. తమిళంలో చదువుకుని ప్రెస్సులో పనికి కుదిరిన కుర్రాణ్ణి సాయంత్రాలు కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పింది. అందుకే ఆవిడ కొట్టు ముందుకి వస్తే ఇప్పటికీ పీట మీంచి లేచి నిలబడతాడు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ గొడుగు మడుచుకుంటూ వచ్చి, సంచీలోంచి ఆ నవల తీసి బల్ల మీద పెట్టింది.

"ఆదిమూలం, దీని చివర మూడాకులు ఎవరు రాసినారు?"

ఆదిమూలం దబ్బనం బల్ల మీద పెట్టాడు. "రచయితే గదా టీచరమ్మా. ఇంకెవురు రాస్తారు?"

"రచయిత రాయలా."

"కాగితం చూసి కనిపెట్టినారా?"

"కాగితం గొడవ నాకేం తెలుసబ్బా? చదివితే తెలవదూ?" ఆవిడ పీట లాక్కుని కూర్చుంది. "పుస్తకమంతా ఆ పిల్లని చూసుకుంటా వచ్చినాడు రచయిత. తండ్రి పక్కబట్టలు ఉతికి ఉతికి చేతులు పాసిపోయినాయని రాసినాడు. ఆయన నిద్రపోయినాక గూడా విసనకర్ర ఆపలేదని రాసినాడు. అట్లా రాసినోడు చివరికొచ్చి ఆ పిల్లని పదిమందిలో నిలబెట్టి అంత మాట అనిపించడు. అనిపించినా, ఆమె ఒక మాట చెప్పుకునేదానికి చోటిస్తాడు. ఈ మూడాకుల్లో ఆ పిల్లని ఎవురూ ఏమీ అడగలా."

ఆదిమూలానికి రోషం వచ్చింది. తను రాసింది మరిచిపోయి వాదనకి దిగాడు.

"క్లూలన్నీ ఆమె మీదికే పోతా ఉంటే రచయిత మాత్రం ఏం చేస్తాడు టీచరమ్మా? గ్లాసు నిండుగా ఉంది. తాళం ఆమె కాడ ఉంది. ఆమె ఏడవను గూడా ఏడవలా!"

"నలభై రెండో పేజీ చదివినావా?"

"చదవకుండా ఎట్లా కుడతా?"

"అయితే ఇప్పుడు చదువు. పైకి చదువు, నేను వింటా."

చదువుకున్నప్పటి భయం కొద్దీ పేజీ తిప్పాడు. ముసలాయన కూతురితో మాట్లాడే చోటు అది. ఆయన గబగబా దాటేసిన చోటు. కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "'ఇవాళ వద్దమ్మా. రేపు తాగుతాలే. ఈ ఒక్కరోజు నా మాట విను' అన్నాడాయన. సుశీల గ్లాసు పక్కన పెట్టేసింది."

"ఆగు" అంది రాగిణి టీచరు. "మందు ఇయ్యలేదనేది నీకు కనబడింది. ఎందుకియ్యలేదో ఆయన నోటితోనే చెప్పించినాడు రచయిత. అది నీకు కనబడలా."

"ఎందుకొద్దన్నాడు ఆయన?"

"నాకేం తెలుసు? ఆ పిల్లని అడగాల. ఆమెని అడిగే ఆకులు మన దగ్గర లేవు, పోయినాయి. చంపినోడు ఎవుడో నాకూ తెలవదు. ఆ పిల్ల మటుకు కాదు."

ఆదిమూలం పుస్తకం మూశాడు. ఆవిడ లేచి గొడుగు తీసుకుంది. వెళ్ళబోతూ ఆయన మొహంలోకి చూసింది. తెలుగు నేర్పే రోజుల్లో తప్పు రాసిన పలక చూసినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

"ఒక మాట చెప్తా, ఏమీ అనుకోబాక. ఈ మూడాకులు రాసినోళ్ళకి ఆ సుశీల మీద కోపం లేదు. వాళ్ళింట్లో ఇంకెవురి మీదో ఉంది. అదంతా తెచ్చి ఈ పిల్ల నెత్తిన పోసినారు."

ఆవిడ నవల బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఆదిమూలానికి అర్థమైంది. ఎవరు రాశారో ఆవిడకి తెలుసు. తెలిసీ ఆ పేరు అనలేదు. తను మాత్రం చెల్లెల్ని అయినవాళ్ళందరి ముందూ అనేశాడు.

ఆ సాయంత్రం పని సాగలేదు. శుక్రవారం ఒక పురాణానికి ఫారాలు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకున్నాడు. మనసంతా ఒకటే మాట చుట్టూ తిరుగుతోంది. ఆ పిల్లని అడగాల. తొమ్మిదేళ్ళలో వేలసార్లు ఆ మాత్రల అట్ట తీసి చూశాడే, ఒక్కసారైనా చెల్లెల్ని ఎందుకని అడిగాడా? "ఎయ్యలేదా" అని అడిగాడు, "లేదన్నా" అంది. మధ్యలో ఎంత మాట ఉండిపోయిందో! అడిగితే ఏం చెప్పేదో! అడక్కపోవడానికి కారణం కూడా మెల్లగా తోచింది. దోషి దొరికిపోయాక ఇంక అడిగేదేముంటుందని అప్పుడు అనుకున్నాడు. దోషి దొరకాలని తొందరపడింది ఎందుకో అది మాత్రం అప్పటికి ఆయనకి అంతుపట్టలేదు.

శనివారం ఆ నవల అట్ట ఊడదీసి దారం తెంపాడు. టీ రంగు పూసిన మూడాకులూ తీసి పొయ్యిలో పెట్టాడు. వాటి చోట మూడు తెల్ల కాగితాలు పెట్టి కుట్టాడు. డబ్బాలోంచి సుశీల పేరు రాసిన చీటీ వెతికి అది కూడా కాల్చాడు. అడుగున ఉన్న మాత్రల అట్ట తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కేశాడు. అంబత్తూరులో దిగాక కాళ్ళు వాటంతట అవే దారి పట్టాయి. తొమ్మిదేళ్ళలో సందు సగం మారిపోయింది గానీ మలుపు మారలేదు. ఇంటి ముందు అట్టపెట్టెలు, తాళ్ళు కట్టిన మూటలు ఉన్నాయి. అలమేలు గుమ్మంలో కూర్చుని స్టీలు గిన్నెలు పాత చీర ముక్కల్లో చుడుతోంది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. తలెత్తి చూసి, చేతిలో గిన్నె కింద పెట్టింది.

"వచ్చినావా అన్నా" అంది.  లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

ఆయన నీళ్ళు తాగాడు. జేబులోంచి అట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. వెండిరంగు పోయి నల్లబడింది గానీ ఆమె రాసిన వారాల పేర్లు ఇంకా ఆనవాలు పట్టొచ్చు. అలమేలు దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

"మళ్ళా అదేనా అన్నా? పొయ్యేముందర గూడానా?"

"తిట్టేదానికి రాలేదు పాపా. అప్పుడు అడగాల్సింది అడగలా. ఇప్పుడు అడగతా ఉండా. అమ్మకి ఆ పొద్దు మాత్ర ఎందుకియ్యలా?"

అలమేలు గిన్నెకి చుట్టిన గుడ్డ విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఇప్పుడెందుకన్నా అది? వొద్దులే."

"చెప్పు."

"చెప్తే నువ్వు తట్టుకోలేవు."

"తొమ్మిదేండ్లు నువ్వు తట్టుకున్నావు గదా. చెప్పు."

అలమేలు గోడకి చేరగిలబడింది. "అమ్మే వొద్దనింది. ఆ మాత్ర మింగితే నిద్ర ముంచుకొస్తుంది గదా ఆమెకి. ముందటి వారం నువ్వొచ్చేటప్పటికి నిద్దరపోయింది, నువ్వు లేపకుండా పోతివి. లేచినాక వారమంతా అదే అనుకుంది, బిడ్డ వచ్చి నా మొహం చూసి పోయినాడు, నేను వాని మొహం చూడలేదే అని. ఆ పొద్దు నేను మాత్ర తెస్తే, ఇవాళ వొద్దే అలమేలూ, మీ అన్న వచ్చిపోయినాక ఏసుకుంటా అనింది. తలదువ్వించుకొని, చలువ చీర కట్టించుకొని, కుర్చీ గుమ్మంలో ఏయించుకొని కూర్చుంది. పదింటికి అడిగింది, వచ్చినాడా అని. పన్నెండింటికి అడిగింది. అన్నం పెడితే వాడు రానీ అనింది. రెండింటికి నేను, ఇంక చాలమ్మా మాత్ర ఏసుకో అంటే, ఇంకాసేపు చూస్తాం అనింది. నాలుగింటికి చూస్తే తల పక్కకి వాలిపోయి ఉంది. నిద్దరేమో అనుకున్నా."

ఆదిమూలం మాత్రల అట్ట వంక చూశాడు. 

"ఆ పొద్దు పదిమందిలో అంత మాట అంటే..." అన్నాడు. "ఇది అప్పుడే చెప్పొచ్చు గదా అలమేలూ!"

"ఎట్లా చెప్పేదన్నా? నీ కోసం చూసి చూసి పోయిందని చెప్తే నువ్వు బతుకుతావా? ఒంటి మనిషివి. ఆ కొట్లో ఒక్కడివే. నన్ను తిట్టుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటాదిలే అనుకున్నా. నాకు మొగుడుండాడు, బిడ్డ ఉంది, ఎట్టో మోసుకుంటాను అనుకున్నా. ఇన్నేండ్లు ఇటు తొంగి చూడవని మటుకు అనుకోలా." అప్పుడు ఏడ్చింది అలమేలు. తొమ్మిదేళ్ళ కిందట ఏడవాల్సింది ఇప్పుడు ఏడ్చింది.

ఆదిమూలం కూడా ఏడ్చాడు. దాచుకోలేదు. ముక్కు తుడుచుకోవడానికి జేబురుమాలు కూడా లేదు, పంచె అంచుతో తుడుచుకున్నాడు. ఆ ఆదివారం తను ఎందుకు ఆలస్యమయ్యాడో ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ముందురోజు ఒక నవల వచ్చింది. పొద్దున లేచి ఒక్క గంట చదివి బయల్దేరుదామనుకున్నాడు. కథ మంచి పట్టులో ఉంది. పది దాటింది, పన్నెండు దాటింది, అమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. మూడింటికి చీటీ రాసి, రాయి ఎత్తి, చివరి ఫారం చదివి, పేరు సరిపోయిందని నవ్వుకుని, అప్పుడు చొక్కా వేసుకున్నాడు.

ఆ సంగతి చెల్లెలికి చెప్పాడు. మొత్తం చెప్పాడు, నవ్వుకున్నానని కూడా చెప్పాడు. ఆ నవల ఏదో చెబుదామని చూస్తే పేరు గుర్తుకు రాలేదు. అందులో ఎవరు ఎవర్ని చంపారో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

అంతా విని అలమేలు కళ్ళు తుడుచుకుని లేచింది.

"గిన్నెలన్నీ కట్టేసినా. ఒక్క చారు, అప్పడమే ఉండాది. తిని పో అన్నా."

"తింటా" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. సామానంతా మూటలు కట్టేశారు గానీ గుమ్మం పక్కన వైరు అల్లిన కుర్చీ ఒకటి అలాగే ఉంది. బండిలో చివర ఎక్కించాలని ఉంచినట్టున్నారు. అది తల్లిది. ఆదిమూలం దాన్ని గుమ్మంలోకి లాక్కుని, వీధి వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

అక్కణ్ణించి చూస్తే సందు మలుపు దాకా కనబడుతుంది. ట్రైను దిగి వచ్చేవాళ్ళు ఎవరైనా ముందు ఆ మలుపులోనే కనబడాలి. ఒక ట్రైను వచ్చినట్టుంది, నలుగురైదుగురు మలుపు తిరిగి వచ్చారు. ఒక్కొక్కళ్ళ మొహం చూశాడు. వాళ్ళు ఇల్లు దాటి వెళ్ళిపోయారు. ఇంకో ట్రైను వచ్చేదాకా మలుపు ఖాళీగా ఉంది.

"అన్నా, ఆకేసినా, లేచి రా" అని లోపల్నించి అలమేలు పిలిచింది.

"ఇంకాసేపు చూస్తా పాపా" అన్నాడు ఆదిమూలం.